ల్యాప్‌టాప్‌తో వచ్చిన విండోస్‌ను వేరే కంప్యూటర్‌కు మార్చుకోవచ్చా?

ప్రశ్న: మా ల్యాప్‌టాప్ మదర్‌బోర్డు ఖరాబైంది, ఎస్‌ఎస్‌డీ మంచిగానే ఉంది. కొన్నప్పుడే విండోస్ వేసి ఇచ్చారు, దానికీ మేం డబ్బు కట్టినట్టే కదా. ఇప్పుడు అసెంబుల్డ్ డెస్క్‌టాప్ తీసుకున్నాం. ఆ లైసెన్సును ఇందులోకి మార్చుకోవచ్చా? షాపాయన మాత్రం ‘కీ అక్కర్లేదు, నేనే యాక్టివేట్ చేసిస్తా’ అంటున్నడు. – నర్సంపేట నుంచి ఒక పాఠకుడు

జవాబు: మార్చుకోలేరు. షాపాయన మాటకు ఒప్పుకోకండి కూడా. హనుమకొండ నుంచి, కరీంనగర్ నుంచి, మంచిర్యాల నుంచి ఇదే ప్రశ్న మళ్లీమళ్లీ వస్తోంది. 2025 అక్టోబరు 14న విండోస్ 10కు సపోర్టు ఆగిపోయి, పాత ల్యాప్‌టాప్‌లు పక్కన పెట్టడం మొదలయ్యాక మరీ ఎక్కువైంది.

ల్యాప్‌టాప్‌తో పాటు వచ్చేది ఓఈఎం లైసెన్సు, అంటే తయారీ కంపెనీ ఆ యంత్రానికే వేసి ఇచ్చేది. అది మీ పేరు మీద కాదు, ఆ మదర్‌బోర్డు మీద ఉంటుంది. విండోస్ 8 వచ్చిన 2012 నుంచి కీని, అంటే విండోస్ లైసెన్సు కోడ్‌ను, అడుగున స్టిక్కర్ మీద అచ్చు వేయకుండా, బోర్డులోనే ఉండే ఫర్మ్‌వేర్ అనే సాఫ్ట్‌వేర్‌లో ఎంఎస్‌డీఎం అనే పట్టికలో రాసి పంపుతున్నారు. డిస్క్ తీసి కొత్త సిస్టమ్‌కు తగిలిస్తే విండోస్ బూట్ కావచ్చు, యాక్టివేషన్ మాత్రం పోతుంది. ఈ షరతు కొనే రోజున బిల్లు చేతిలో పెట్టే మనిషి చెప్పాల్సిన మాట. ఎవరూ చెప్పరు.

మీ దగ్గర నడుస్తున్న వేరే సిస్టమ్‌లో ఏ లైసెన్సు ఉందో తెలుసుకోవాలంటే, విండోస్ మీటతో ఆర్ నొక్కి, ఎస్‌ఎల్‌ఎంజీఆర్ అని ఇంగ్లిష్‌లో కొట్టి, ఖాళీ వదిలి, స్లాష్ డీఎల్‌ఐ అని టైపు చేయండి. వచ్చే పెట్టెలో ఓఈఎం అని ఉంటే అది కదలదు. రిటైల్, అంటే విడిగా కొన్నది, అని ఉంటే మార్చుకోవచ్చు: అడ్మినిస్ట్రేటర్‌గా తెరిచిన కమాండ్ ప్రాంప్ట్‌లో ఎస్‌ఎల్‌ఎంజీఆర్‌కు ఈసారి డీఎల్‌ఐ బదులు స్లాష్ యూపీకే తగిలించి పాత సిస్టమ్ నుంచి కీ తీసేయండి. తర్వాత కొత్త దాంట్లో సెట్టింగ్స్, సిస్టమ్, యాక్టివేషన్‌లో ఆ కీ ఇవ్వండి. వాల్యూమ్ అని ఉంటే అది ఏదో సంస్థ సొత్తు. ఇంట్లో సిస్టమ్‌లో అలా కనిపిస్తే అనుమానించాల్సిందే.

మీ ల్యాప్‌టాప్‌కు అదే మోడల్ బోర్డు వేయించుకోవడం ఒక దారి. వారంటీలో మార్చితే సర్వీస్ సెంటర్ వాళ్లే కొత్త బోర్డులో కీ రాయాలి. తీసుకునే ముందు అక్కడే యాక్టివేషన్ పేజీ తెరిచి చూడండి. బయట పాత బోర్డు వేయిస్తే ఆ బోర్డు కీయే పనిచేస్తుంది. దాంట్లో హోమ్ సింగిల్ లాంగ్వేజ్ ఎడిషన్ కీ ఉండి మీ డిస్క్‌లో ప్రో ఎడిషన్ విండోస్ ఉంటే కుదరదు.

ఇక ‘నేనే యాక్టివేట్ చేసిస్తా’ అన్న మాట. నాకు అన్నిటికన్నా భయం కలిగించేది ఇదే. పెద్ద సంస్థల్లో అక్కడి సిస్టమ్‌లన్నిటినీ యాక్టివేట్ చేసే కేఎంఎస్ సర్వర్ ఒకటి ఉంటుంది. ఒకసారి యాక్టివేషన్ 180 రోజులు ఉంటుంది, ఆలోపు సిస్టమ్‌లు దాన్ని పలకరించి గడువు పొడిగించుకుంటాయి. షాపులో వాడే యాక్టివేటర్లలో చాలావరకు మీ సిస్టమ్‌లోనే దొంగ సర్వర్ పెడతాయి, లేదా బయటి ఏదో సర్వర్‌కు కలుపుతాయి. అందుకు అడ్మినిస్ట్రేటర్ అనుమతి కావాలి, యాంటీవైరస్ ఆపాలి. తాళం చెవి ఇచ్చి కాపలావాణ్ని ఇంటికి పంపినట్టే. ఆ ఫైలుతో పాటు పాస్‌వర్డులు దొంగిలించే ప్రోగ్రామ్ వస్తే అడ్డుకునేది ఏదీ ఉండదు. బ్రౌజర్‌లో దాచిన పాస్‌వర్డులే కాదు, మీరు లాగిన్ అయి ఉన్నారని గుర్తుగా బ్రౌజర్ దాచుకునే కుకీలనూ ఎత్తుకుపోతుంది. కుకీ దొరికితే చాలా సైట్లలో ఓటీపీ అడిగే అవసరమే రాదు.

నెట్ సెంటర్లు నడిపేవాళ్లు దీన్ని తేలిగ్గా తీసుకోవద్దు. దోస్త్, ఈఏపీసెట్ దరఖాస్తుల కోసం పిల్లలు ఇచ్చిన ఆధార్ కాపీలు, మెమోలు అన్నీ డౌన్‌లోడ్స్‌లో పడి ఉంటాయి. అలాంటి సిస్టమ్‌లో యాక్టివేటర్ వేయడం తప్పు, అంతే.

ఇప్పటికే వేసి ఉంటే గుర్తుపట్టండి. ఎస్‌ఎల్‌ఎంజీఆర్‌కు స్లాష్ ఎక్స్‌పీఆర్ తగిలిస్తే గడువు తేదీ, లేదా 2038 అని వస్తుంది. శాశ్వతం అని వచ్చినా నిశ్చింతగా ఉండలేం, కొన్ని యాక్టివేటర్లు అలాగే చూపిస్తాయి. విండోస్ సెక్యూరిటీలో వైరస్ అండ్ థ్రెట్ ప్రొటెక్షన్, మేనేజ్ సెట్టింగ్స్, ఎక్స్‌క్లూజన్స్ చూడండి. యాంటీవైరస్ వెతకకుండా వదిలేసే ఫోల్డర్ల జాబితా అది. మీరు పెట్టని ఫోల్డర్ అక్కడ ఉంటే యాక్టివేటర్‌ను తీసేయడంతో సరిపెట్టొద్దు. డేటా కాపీ చేసుకుని, వేరే మంచి సిస్టమ్‌లో 8 జీబీ పెన్‌డ్రైవ్ తయారుచేసి, డిస్క్ మొత్తం తుడిచి విండోస్ వేయండి. పాస్‌వర్డులు ఫోన్ నుంచి మార్చి, అన్ని చోట్లా లాగౌట్ చేయండి.

మీరు అడగకపోయినా ఇంకొకటి చెప్పాలి. ఆ ఎస్‌ఎస్‌డీని ఎన్‌క్లోజర్ అనే యూఎస్‌బీ పెట్టెలో పెట్టి వేరే సిస్టమ్‌లో తెరిస్తే 48 అంకెల రికవరీ కీ అడగొచ్చు. ఇది విండోస్ లైసెన్సు కీ కాదు, డిస్క్ తాళం తీసే కోడ్. చాలా కొత్త ల్యాప్‌టాప్‌లు డిస్క్‌ను వాటంతట అవే ఎన్‌క్రిప్ట్ చేస్తాయి, అంటే తాళం వేస్తాయి. తాళం తీసే చిప్ బోర్డు మీద ఉంటుంది కాబట్టి బోర్డు పోతే అదీ పోతుంది. ఆ రికవరీ కీ మామూలుగా మైక్రోసాఫ్ట్ అకౌంట్‌లో ఉంటుంది. ఎవరి అకౌంట్‌లో? మన దగ్గర షాపులో కుర్రవాడే తన మెయిల్‌తో లాగిన్ చేసి ఇవ్వడం మామూలైపోయింది. అలా అయితే మీ పెళ్లి ఫొటోల తాళం అతని దగ్గర ఉన్నట్టు. వినియోగదారుడికి ఒక్క ముక్క సరిగ్గా చెప్పకుండా డిస్క్‌కు తాళం వేసే ఈ డిజైన్‌ను నేను సమర్థించలేను. ల్యాప్‌టాప్ బాగున్నవాళ్లు ఈరోజే మీ అకౌంట్‌లో కీ ఉందో లేదో చూసి, కాగితం మీద రాసుకోండి.

డెస్క్‌టాప్ సంగతి: బిల్లు మీద విండోస్ పేరు, ఎడిషన్ రాయించుకుని రిటైల్ లైసెన్సు కొనండి. వందల రూపాయలకు ఆన్‌లైన్‌లో అమ్మే కీల జోలికి పోవద్దు, కొన్నాళ్లకు బ్లాక్ కావచ్చు. డబ్బు సమకూరేదాకా యాక్టివేట్ చేయకుండానే వాడండి. తెర మూలన యాక్టివేట్ చేయమనే అక్షరాలు కనిపిస్తాయి, వాల్‌పేపర్ సెట్టింగులు పనిచేయవు, సెక్యూరిటీ అప్‌డేట్లు మాత్రం వస్తాయి. బ్రౌజర్ పనే ఎక్కువైతే లినక్స్ వేసుకోండి. అనూ ఫాంట్లు, పేజ్‌మేకర్ మీద డీటీపీ చేసేవాళ్లకైతే అది సరిపడదు, వాళ్లు విండోస్ కొనాల్సిందే.