డాక్టర్ సలహా: చక్కెర మానేసి బెల్లం వాడుతున్నా.. అయినా షుగర్ ఎందుకు తగ్గలేదు?

ప్రశ్న: డాక్టర్ గారూ, నాకు 39 ఏళ్లు. అనంతపురంలో ఉంటాం. ఇంట్లోనే మిషన్ కుడతాను. మా అమ్మకు షుగర్ ఉంది. ఆర్నెల్ల కిందట పరీక్ష చేయిస్తే పరగడుపున 114, హెచ్‌బీఏ1సీ (రెండు మూడు నెలల సగటు షుగర్ చెప్పే పరీక్ష) 6.1 వచ్చాయి. బార్డర్‌లో ఉంది, మందులు వద్దు, తిండి మార్చుకోండి అన్నారు. ఆ రోజు నుంచి ఇంట్లోకి చక్కెర తేలేదు. రోజుకు నాలుగు టీలు తాగుతాను, అన్నిటిలో బెల్లమే. పొద్దున్నే నిమ్మరసంలో తేనె, టిఫిన్‌కి ఉగ్గాని గానీ దోసెలు గానీ, పదకొండింటికి గ్లాసు చీనీ (బత్తాయి) జ్యూస్, సాయంత్రం రాగి మాల్ట్, మిల్లెట్ బిస్కెట్లు. రాత్రికి అన్నం మానేసి సంగటి. మొన్న మళ్లీ చేయిస్తే 6.2. బరువు 68 కిలోలు, ఎత్తు 5 అడుగుల 1 అంగుళం. బరువు కొంచెం కూడా తగ్గలేదు. మధ్యలో టీ మొత్తం మానేసి చూస్తే రెండు రోజులు తలనొప్పితో లేవలేకపోయాను. నీరసం కూడా ఉంటోంది. ఎక్కడ తప్పు చేస్తున్నాను? పండ్లు కూడా మానేయాలా? మా పాపకు 12 ఏళ్లు, దానికీ ఇప్పటి నుంచే తీపి ఆపేయాలా?
- ఒక పాఠకురాలు, అనంతపురం

జవాబు: ముందు ఆ 6.2 గురించి టెన్షన్ పడకండమ్మా. 6.1కీ 6.2కీ ఉన్న తేడా ల్యాబ్ మారినా వస్తుంది. హెచ్‌బీఏ1సీ 5.7 నుంచి 6.4 దాకా ఉంటే ప్రీ డయాబెటిస్ అంటాం, 6.5 నుంచి డయాబెటిస్. అంటే ఆర్నెల్ల కిందట ఎక్కడున్నారో ఇప్పుడూ అక్కడే ఉన్నారు. కష్టపడి మార్పులు చేసుకున్నారు కాబట్టి ఫలితం రాలేదని బాధ ఉండటం సహజం. కానీ మీ ఉత్తరం చదివితే కారణం అందులోనే కనిపిస్తోంది. మీరు చక్కెర డబ్బా తీసేశారు గానీ, తీపి తగ్గలేదు.

మీరు రాసినదాన్ని బట్టి నేనొక ఉజ్జాయింపు లెక్క వేశాను. టీకి రెండు చెంచాల బెల్లం పొడి అనుకున్నా నాలుగు టీలకు 35 గ్రాముల చక్కెరకు దగ్గరగా పోతుంది. తేనె ఒక చెంచా అయితే ఐదారు గ్రాములు. చీనీ జ్యూస్ పెద్ద గ్లాసుకు కనీసం 20 గ్రాములు, బండి దగ్గర తాగితే వాళ్లు కలిపే పాకం అదనం. మాల్ట్, బిస్కెట్లు కలిపి ఇంకో 15 వేసుకోండి. మొత్తం 75 దాటింది. ఇలాంటి చక్కెర రోజుకు 50 గ్రాములు దాటకూడదని, 25 లోపు ఉంటే ఇంకా మేలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2015లో చెప్పింది. ఆ లెక్కలో తేనె, పండ్ల రసం, బెల్లం అన్నీ ఉన్నాయి. పాలలో సహజంగా ఉండే చక్కెర, కొరికి తినే పండులోని చక్కెర మాత్రం లేవు. మీ రెండో ప్రశ్నకు జవాబు కూడా ఇక్కడే ఉంది, దాని దగ్గరికి మళ్లీ వస్తాను.

బెల్లం గురించి ఎంత చెప్పినా మా ఓపీలో ఎవరూ వెంటనే ఒప్పుకోరు. బెల్లం మంచిదే కదా సార్, ఐరన్ ఉంటుంది కదా అంటారు. ఉంటుంది. కానీ బెల్లంలో నూటికి 85 పాళ్లకు అటూ ఇటూగా చక్కెరే. రక్తంలో గ్లూకోజ్ పెరిగే విషయంలో చక్కెరకూ దానికీ చెప్పుకోదగ్గ తేడా లేదు. ఇక ఐరన్ సంగతి. మీ వయసు ఆడవాళ్లకు రోజుకు 29 మిల్లీగ్రాముల ఐరన్ కావాలని మన భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) లెక్క. టీలో వేసే బెల్లం ముక్కతో ఒక్క మిల్లీగ్రాము కూడా రాదు. పైగా టీలో వగరునిచ్చే టానిన్లు తిండిలోని ఐరన్‌ను ఒంటికి పట్టనివ్వవు. ఐరన్ కోసం బెల్లం టీ తాగడం కన్నా, భోజనానికి గంట ముందూ వెనకా టీ తాగకుండా ఉంటే ఎక్కువ లాభం. తేనెది కూడా ఇదే కథ, అందులో ఐదింట నాలుగు వంతులు చక్కెరే.

మీకు నీరసం ఉంది అన్నారు కాబట్టి ఇక్కడే ఇంకో విషయం చెప్పాలి. హిమోగ్లోబిన్ ఎంతో రాయలేదు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం మన రాష్ట్రంలో సగానికి పైగా ఆడవాళ్లకు రక్తహీనత ఉంది. ఐరన్ తక్కువై రక్తహీనత వస్తే హెచ్‌బీఏ1సీ ఉన్నదానికన్నా కాస్త ఎక్కువగా కనిపించవచ్చు. అందుకని ఈసారి హిమోగ్లోబిన్, రక్తకణాల లెక్క చెప్పే సీబీసీ పరీక్ష కూడా చేయించండి. దాంతోపాటే థైరాయిడ్. బరువు తగ్గకపోవడానికి, నీరసానికి అదీ ఒక కారణం కావచ్చు. హిమోగ్లోబిన్ తక్కువ ఉంటే దాన్ని సరిచేశాకే హెచ్‌బీఏ1సీని పూర్తిగా నమ్మాలి. ఈలోగా పరగడుపున, తిన్న రెండు గంటలకు చేసే పరీక్షల మీద ఆధారపడవచ్చు.

తలనొప్పికి కారణం చక్కెర మానడం కాదు. టీ ఒక్కసారిగా ఆపారు, రోజూ నాలుగుసార్లు అందే కెఫీన్ ఆగిపోయింది. దానివల్ల వచ్చే తలనొప్పి మామూలే, ప్రమాదం లేదు. కానీ అలా చేయాల్సిన అవసరం లేదు. టీ ఉంచుకోండి, తీపి తగ్గించండి. మొదటి వారం రెండు చెంచాల బదులు ఒకటిన్నర, తర్వాతి వారం ఒకటి, ఆ తర్వాత అర. నాలుక అలవాటు పడటానికి కొన్ని వారాలు పడుతుంది. ఆ తర్వాత ఎవరింటికైనా వెళ్లి మామూలు టీ తాగితే మీకే ఇదేంటి పాయసంలా ఉంది అనిపిస్తుంది. నాలుగు టీలు మూడైతే, మూడు రెండైతే ఇంకా మంచిది, కానీ అది రెండో దశ. షుగర్ ఫ్రీ బిళ్లలు వేసుకోవచ్చా అని చాలామంది అడుగుతుంటారు. బరువు తగ్గడానికి వాటి మీద ఆధారపడొద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023లో చెప్పింది. నా మాట అయితే, వాటితో తీపి మీద మోజు అలాగే ఉండిపోతుంది, మనం తగ్గించాల్సింది ఆ మోజునే.

చీనీ సంగతికి వద్దాం. చీనీ తోటలున్న జిల్లాలో ఉండి చీనీ మానేయమని చెప్పను. గ్లాసు జ్యూస్‌కు మూడు నాలుగు కాయలు పిండుతారు. ఆ పిప్పి, తొనల మీది పొర అన్నీ బుట్టలోకి పోతాయి. నాలుగు కాయల తీపి మాత్రం రెండు నిమిషాల్లో కడుపులోకి పోతుంది. అదే కాయ ఒలుచుకుని తింటే ఒకటి తినేసరికి చాలనిపిస్తుంది, పీచు వల్ల గ్లూకోజ్ కూడా నిదానంగా ఎక్కుతుంది. కాబట్టి పండ్లు మానొద్దు, జ్యూస్ మానండి. మధ్యాహ్నం భోజనం అయ్యాక ఒక చీనీ తొనలు తొనలుగా తింటే అందులోని విటమిన్ సి వల్ల పప్పు, ఆకుకూరల్లోని ఐరన్ కూడా బాగా పడుతుంది. జామ, బొప్పాయి, దానిమ్మ గింజలు ఏవైనా పరవాలేదు, రోజుకు రెండుసార్లు, ఒక్కోసారి ఒక కాయ లేదా ఒక కప్పు. మామిడి సీజన్‌లో సగం కాయతో ఆపండి. అరటిపండు చిన్నది ఒకటి తినొచ్చు. ప్యాకెట్ జ్యూస్‌ల మీద '100 శాతం పండ్ల రసం' అని ఉంటే నమ్మి తెచ్చుకునేవాళ్లు, ఆ మాట తీసేయమని దేశంలో ఆహార భద్రత చూసే సంస్థ ఎఫ్ఎస్ఎస్ఏఐ 2024 జూన్‌లో కంపెనీలను ఆదేశించిందని గుర్తుంచుకోవాలి. ఎండాకాలం నన్నారి షర్బత్ కూడా అంతే. వేరుకు చలవ గుణం ఉందంటారు, సరే, కానీ సీసాలో ఎక్కువ భాగం చక్కెర పాకమే. దాహానికి పలచటి మజ్జిగ, ఉప్పు వేసిన నిమ్మకాయ నీళ్లు చాలు.

రాగి మాల్ట్ డబ్బా ఇంట్లో ఉంటే ఇప్పుడే తీసి వెనక్కి తిప్పండి. పదార్థాల జాబితాలో ఏది ఎక్కువ బరువు ఉంటే దాన్ని ముందు రాయాలని రూలు ఉంది. రాగులు ముందుండి, వెంటనే చక్కెర, బెల్లం, లిక్విడ్ గ్లూకోజ్, మాల్టోడెక్స్‌ట్రిన్ లాంటి పేర్లు కనిపిస్తే అది రాగుల పేరుతో వచ్చిన తీపి పొడి. కింద పట్టికలో 'యాడెడ్ షుగర్స్' అని 100 గ్రాములకు ఎంతో రాసి ఉంటుంది, అది చూడండి. ఇలాంటి తాగే పొడులను 'హెల్త్ డ్రింక్' అని పెట్టి అమ్మొద్దని 2024 ఏప్రిల్‌లో కేంద్రం ఆన్‌లైన్ అమ్మకందారులకు చెప్పాల్సి వచ్చింది. మిల్లెట్ బిస్కెట్లు కూడా ఇలాగే చదివి చూడండి. మైదా, చక్కెర, పామాయిల్ ముందుండి, చిరుధాన్యం ఎక్కడో పది శాతం దగ్గర ఉంటే అది పేరుకే మిల్లెట్. సాయంత్రం మిషన్ మీద నుంచి లేచాక ఆకలేస్తే ఒక పిడికెడు ఉడకబెట్టిన చెనిక్కాయలు (వేరుశనగలు) తినండి. ఏడెనిమిది గ్రాముల ప్రోటీన్, కడుపు నిండిన భావన రెండూ వస్తాయి. పిడికెడే, చేట కాదు, వాటిలో నూనె కూడా ఎక్కువ. అలసందల గుగ్గిళ్లు, ఉలవ గుగ్గిళ్లు, మొలకెత్తిన పెసలు ఇంకా మంచివి. వీటికి ఏ లేబులూ చదవక్కర్లేదు.

ఇక సంగటి. దీని గురించి కాస్త వివరంగా చెబుతాను, ఎందుకంటే మన రాయలసీమలో షుగర్ ఉన్నవాళ్లందరూ సంగటి అనగానే ఎంతైనా తినొచ్చనుకుంటారు. రాగులు మంచివే. 100 గ్రాముల్లో 350 మిల్లీగ్రాముల దాకా కాల్షియం, బియ్యం కన్నా చాలా ఎక్కువ పీచు. కానీ రాగి కూడా ధాన్యమే, పిండి పదార్థం అందులోనూ 65, 70 శాతం ఉంది. పైగా మనం సంగటి ఎలా చేస్తాం? ముందు బియ్యం మెత్తగా ఉడికించి, దాని మీద పిండి పోసి, కట్టెతో కెలుకుతాం. చాలా ఇళ్లలో సగం బియ్యమే ఉంటుంది. అంటే అన్నం మానేశానన్న మాట సగమే నిజం. ఎన్ని ముద్దలు తింటారమ్మా అని అడిగితే "రెండే సార్" అంటారు. చేత్తో చూపించమంటే ఒక్కోటి చిన్న కొబ్బరికాయంత ఉంటుంది. పొద్దున ఐదు నుంచి చేనులో పని చేసేవాళ్లకు ఆ ముద్ద సరిపోయేది. రోజంతా కుర్చీలో కూర్చుని కుట్టే మీకు అందులో సగం చాలు.

బియ్యం పావు వంతుకు తగ్గించండి, లేదా బియ్యం బదులు కొర్రబియ్యం వేసి చూడండి, రుచి పెద్దగా మారదు. ముద్ద ఒకటే పెట్టుకుని, పక్కన కప్పు నిండా పప్పు, దానికి రెట్టింపు గోంగూరో తోటకూరో బీరకాయ కూరో ఉండాలి. గుడ్డు తినేవాళ్లైతే గుడ్డు, నాటుకోడి పులుసైతే ముక్కలు ఎక్కువ, పులుసు మీద తేలే నూనె తక్కువ. మొదట నాలుగు ముద్దల కూర, పప్పు తిని తర్వాత సంగటి మొదలుపెడితే గ్లూకోజ్ ఒక్కసారిగా ఎగబాకదు. వారంలో రెండు మూడు రాత్రులు సంగటి బదులు రెండు జొన్నరొట్టెలు కూడా పెట్టుకోవచ్చు. పొద్దున ఉగ్గాని విషయంలో, బొరుగులు తేలిగ్గా ఉంటాయి గానీ త్వరగా అరిగిపోయి గ్లూకోజ్ పెంచుతాయి. వారానికి ఒకసారి, పుట్నాల పొడి, చెనిక్కాయలు దండిగా వేసుకుని, పక్కన బజ్జీ లేకుండా. బజ్జీ లేకుండా ఉగ్గాని ఏంటి అంటారని తెలుసు, ఒక్కటి తినండి. మిగిలిన రోజుల్లో పెసరట్టు మంచిది.

పండగలకు ఓళిగలు (బొబ్బట్లు) చేస్తారు. ఒకటి భోజనంతో పాటు తినండి, మనసు చంపుకోకండి. ఇబ్బంది ఆ ఒక్కదానితో కాదు, డబ్బాలో పెట్టి నాలుగు రోజులు రోజుకు రెండు చొప్పున తినడంతో.

బరువు సంగతి. మీ ఎత్తుకు బీఎంఐ, అంటే ఎత్తుకు తగ్గ బరువు ఉందా అని చూసే లెక్క, 28 దాటుతోంది. భారతీయులకు 23 దాటితే అధిక బరువు, 25 దాటితే ఊబకాయం కింద లెక్క. నడుము కొలత 80 సెంటీమీటర్ల లోపు ఉండాలి. మీరు టైలర్ కాబట్టి టేపు పక్కనే ఉంటుంది, నెలకోసారి కొలుచుకోండి, బరువు కదలకపోయినా నడుము ముందు తగ్గవచ్చు. 68 నుంచి 64 కిలోలకు వచ్చినా చాలా తేడా కనిపిస్తుంది. చెన్నైలో మీలాంటి ప్రీ డయాబెటిస్ ఉన్నవాళ్ల మీద జరిగిన అధ్యయనం 2006లో వచ్చింది. తిండి, నడకలతోనే షుగర్ వచ్చే ముప్పు సుమారు 28 శాతం తగ్గింది. నడకకు ప్రత్యేకంగా గంట దొరకకపోతే మూడు పూటలా తిన్నాక పది నిమిషాలు మేడ మీదో వీధిలోనో తిరగండి. గంటకోసారి మిషన్ మీద నుంచి లేవండి.

పాపకు ఏమీ నిషేధించక్కర్లేదు. ఇంట్లో కూల్‌డ్రింక్ సీసా, బిస్కెట్ ప్యాకెట్ కనబడకుండా ఉంటే సగం పని అయిపోతుంది. 250 మిల్లీలీటర్ల సీసాలో 25 గ్రాములకు అటూ ఇటూగా చక్కెర ఉంటుందని చెంచాలతో కొలిచి చూపించండి, ఐదు చెంచాలు గ్లాసులో పోస్తే పిల్లలకు బాగా అర్థమవుతుంది. ఇలాంటి 'షుగర్ బోర్డులు' స్కూళ్లలో పెట్టమని సీబీఎస్ఈ కూడా 2025లో చెప్పింది. ఇంట్లో చేసిన చిక్కీ, లడ్డు ఎప్పుడైనా ఒకటి తింటే తప్పు లేదు. మీకు మాత్రం చప్పటి టీ, పాపకు చక్కెర పాలు అని వేరు వేరుగా చేయకండి. ఇద్దరికీ ఒకటే వంట, ఒకటే అలవాటు.

ఈ మార్పులు చేసిన మూడు నెలలకు మళ్లీ పరీక్ష చేయించండి. హెచ్‌బీఏ1సీ గడిచిన రెండు మూడు నెలల సగటు చెబుతుంది కాబట్టి అంతకు ముందు చేయించినా ఉపయోగం లేదు. అప్పటికీ 6.4 వైపు జరుగుతుంటే మెట్‌ఫార్మిన్ అనే షుగర్ మాత్ర అవసరమా అని మీ డాక్టర్‌తో మాట్లాడాలి, దానికి భయపడక్కర్లేదు. ఈలోగా విపరీతమైన దాహం, రాత్రిళ్లు పదేపదే మూత్రానికి లేవడం, ప్రయత్నించకుండానే బరువు పడిపోవడం లాంటివి కనిపిస్తే మాత్రం మూడు నెలలు ఆగొద్దు, ఆ వారంలోనే వెళ్లి చూపించుకోండి.