రంగు సంగతి తర్వాత, ముందు గోడ చూడు

అల్లుడూ,

షేడ్ కార్డు ఫొటోలు చూశాను. చెల్లి పెళ్లి లోపు బందరు ఇంటికి రంగులేయించాలన్నావు, మంచిదే. హాలుకి ఏ రంగు బాగుంటుందో చివర్లో చెప్తాను. ఈ శనివారం ఊరెళ్లి ముందు గోడల్ని చెయ్యిపెట్టి చూడు.

లోపలి గోడల మీద ఉన్నది పాత డిస్టెంపర్, అంటే సుద్దపొడితో చేసే చవక రంగు. అరచేత్తో రుద్దితే తెల్లగా పొడి అంటుతుంది. దాని మీద ఎంత ఖరీదైన ఎమల్షన్ (నీళ్లలో కలిపే ప్లాస్టిక్ పెయింట్) వేసినా ఆ పొడిని పట్టుకునే ఉంటుంది, గోడను కాదు. రెండు వానాకాలాలకి పెచ్చులుగా లేస్తుంది. కాబట్టి తడిపి, ప్లాస్టరింగ్ కనపడేదాకా గీకించు. పెయింటర్ 'పైపైన ఎమరీ పేపర్ కొడితే చాలు సార్' అంటాడు. గీకుడు కూలి విడిగా మాట్లాడుకో, అప్పుడు అనడు.

బాత్‌రూమ్ పక్క గోడకి కింద ఉప్పు తేలుతోందని మీ అమ్మ చెప్పింది. అక్కడ ఒక పాలిథిన్ ముక్క పెట్టి, నాలుగు అంచులకీ టేపు అంటించి ఒక రోజు వదిలెయ్. గోడవైపు నీటి బొట్లు పడితే చెమ్మ లోపల్నుంచి వస్తున్నట్టే. పైపు కానీ టైల్స్ మధ్య సందులు కానీ ముందు బాగుచేయించాలి. రంగుకి ముందు వేసే ఏ ప్రైమరూ చెమ్మని ఆపదు. ప్లాస్టరింగ్ కొట్టి మళ్లీ చేయాల్సొస్తే ఆ కొత్త సిమెంటు ఆరడానికి 28 రోజులైనా వదలాలి. పెళ్లి తేదీ చూసుకుని ఆ పని ముందే మొదలుపెట్టు.

ఇక లప్పం, అదే గోడ నున్నగా రావడానికి పెట్టే పుట్టీ. తెల్ల సిమెంటు లప్పం అయితే గోడ తడిపి నేరుగా పెట్టొచ్చు. అక్రిలిక్ లప్పానికి కింద ప్రైమర్ ఉండాలి, దాన్ని బయటి గోడలకి వాడనివ్వకు. ఏది పెట్టినా పైన మాత్రం ప్రైమర్ తప్పదు. లేకపోతే లప్పం రంగుని పీల్చేసి గోడంతా మచ్చలు మచ్చలుగా కనిపిస్తుంది. లోపలికి నీళ్లలో కలిపే ప్రైమరే చాలు. ఆయిల్ ప్రైమర్ గట్టిగా పట్టుకుంటుంది కానీ చెమ్మ ఉన్న గోడకి వేస్తే ఆ చెమ్మ బయటికి పోలేక పొంగుతుంది. బయటికి ఎక్స్‌టీరియర్ ప్రైమర్ వేరేగా దొరుకుతుంది, మనది సముద్రపు గాలి కాబట్టి అక్కడ పొదుపు చెయ్యకు. ఇప్పుడు పొద్దున్నే మంచు పడుతోంది. బయటి గోడ బాగా ఆరాకే బ్రష్ పెట్టమను.

నీళ్లు బకెట్ మీద రాసినంతే కలపాలి, నువ్వు లేని రోజు మీ నాన్నని కుర్చీ వేసుకుని అక్కడే కూర్చోమను. రెండు కోటింగ్‌లకి కలిపి లీటరు ఎమల్షన్ 50 నుంచి 70 చదరపు అడుగులకి వస్తుంది. పది బై పన్నెండు గది గోడలకి ఆరేడు లీటర్లు అనుకో. కొన్ని బకెట్లలో పెయింటర్లకి లాభం ఇచ్చే టోకెన్లు కంపెనీ పెడుతుంది. ఫలానాదే కొనమని పట్టుపట్టడానికి అదీ ఒక కారణం. టోకెన్ అతనికే ఇచ్చెయ్, రకం మాత్రం నువ్వు ఎంచుకో.

తలుపుల మీది నీలం ఎనామిల్ చాలా పాతది. ఇళ్ల పెయింట్లలో సీసం 90 పీపీఎం (పది లక్షల్లో 90 వంతులు) దాటకూడదన్న నిబంధన 2017 నవంబరు నుంచే అమల్లోకి వచ్చింది, కాబట్టి ఆ పాత రంగులో సీసం ఎక్కువే ఉండొచ్చు. ఆ తలుపుల్ని పొడిగా రుద్దించకు. తడిపి రుద్దించి, ఆ మురికి ఎప్పటికప్పుడు తుడిపించు. ఆ రోజుల్లో మీ అక్క పాపని తీసుకుని అక్కడికి రావద్దని చెప్పు. కిటికీ ఊచలకి తుప్పు గీకి రెడ్ ఆక్సైడ్ (ఇనుముకి వేసే ఎర్ర ప్రైమర్) వేయించాకే రంగు.

ఇప్పుడు హాలు. నువ్వు గుర్తుపెట్టిన పసుపు కార్డు మీద లేతగానే ఉంది, నాలుగు గోడలకీ ఎక్కితే ముదురుగా కనిపిస్తుంది. ఇంకో మెట్టు లేతది తీసుకో. చిన్న డబ్బా కొని ప్రైమర్ మీద రెండు చోట్ల వేసి, పగలూ చూడు, రాత్రి ట్యూబ్‌లైట్ కిందా చూడు. మెరుపు రకం వద్దు. మనది పాత గోడ, లప్పం ఎత్తుపల్లాలన్నీ బయటపెడుతుంది. గదికి కావలసినదంతా ఒకేసారి కలిపించి, మూత మీది షేడ్ నంబరు ఫొటో తీసి నాకూ పంపు.

మీ మావయ్య