చామంతి కోతకొచ్చింది, ఆకుల కింద ఎర్రనల్లి. పూలు పాడవకుండా ఏం చేయాలి?

ముందు ఇమిడాక్లోప్రిడ్ సీసా పక్కన పెట్టండి. నల్లి సాలీడు జాతిది, ఎనిమిది కాళ్లు. ఆ మందుకు చావదు సరికదా, ఒక్కోసారి ఇంకా పెరుగుతుంది.

విచ్చిన పూలు ఒకరోజు ముందే కోసేయడం మేలు. నల్లి అల్లిన సన్నటి సాలెగూడులాంటి బూజున్న కొమ్మల్ని దులపకుండా కత్తిరించి, కవర్లో వేసి మూతి కట్టేయండి. దులిపితే నల్లి పక్క మొక్కకెక్కుతుంది. మిగతావాటికి పొద్దున్నే ఆకుల అడుగున నీళ్లు గట్టిగా కొట్టండి. పూలు మాత్రం తడవకూడదు, రేకుల మధ్య తడి నిలిస్తే కుళ్లు మొదలవుతుంది.

సాయంత్రం లీటరు నీటికి 5 మి.లీ. వేపనూనె, 1 మి.లీ. సబ్బు ద్రవం కలిపి ఆకు అడుగుకే పట్టించండి. రేకుల మీద పడితే మచ్చలే. గుడ్లు దీనికి పెద్దగా చావవు, ఎండాకాలంలో మూడు నాలుగు రోజుల్లో పిల్లలవుతాయి. అందుకే నాలుగో రోజు మళ్లీ కొట్టాలి. ఒక్కసారితో ఆపేసినవాళ్లే మందు పనిచేయలేదంటారు.

నీటిలో కరిగే గంధకం (లీటరుకు 3 గ్రాములు) కోతయ్యాకే. అదీ నూనె కొట్టి రెండు వారాలు దాటాక, ఎండ లేనప్పుడు. లేకపోతే ఆకులు మాడతాయి.