ఇంట్లో బిల్డ్ అయిన లాక్ టెస్ట్ కాలేజీ ల్యాబ్‌లో ఎందుకు ఆగిపోతుంది?

కెర్నెల్ స్పిన్‌లాక్ (దొరికేదాకా థ్రెడ్ లూప్‌లో తిరుగుతూ ఎదురుచూసే లాక్) కోడ్‌ను థ్రెడ్లతో పరీక్షించే నీ ప్రోగ్రామ్ ఇంట్లో ఉబుంటు 22.04 మీద బిల్డ్ అవుతోంది, నల్గొండ ల్యాబ్‌లోని 20.04 మీదనేమో ‘అన్‌డిఫైన్డ్ రిఫరెన్స్’ అని, థ్రెడ్ పుట్టించే పీథ్రెడ్ క్రియేట్ ఫంక్షన్ పేరు చూపిస్తోంది అన్నావు. అంటే ఫైళ్లను కలిపే లింకర్‌కు ఆ ఫంక్షన్ దొరకలేదు. తమ్ముడూ, నీ లాక్ జోలికి పోకు, దాని తప్పేం లేదు.

2021లో వచ్చిన జీలిబ్‌సీ (లినక్స్‌లోని సీ లైబ్రరీ) 2.34 నుంచి పీథ్రెడ్ ఫంక్షన్లు అసలు సీ లైబ్రరీలోనే కలిసిపోయాయి. 22.04లో ఉన్నది 2.35, అందుకే ‘-పీథ్రెడ్’ ఫ్లాగ్ మరిచినా నడిచింది. 20.04లో 2.31, అక్కడ లైబ్రరీ వేరు, అడిగితేనే కలుస్తుంది. మేక్‌ఫైల్‌లో కంపైల్‌కీ లింక్‌కీ రెండింటికీ ‘-పీథ్రెడ్’ పెట్టు. ‘-ఎల్‌పీథ్రెడ్’ వాడతానంటే ఆబ్జెక్ట్ ఫైళ్ల తర్వాత రాయాలి. లింకర్ ఎడమ నుంచి కుడికి ఒక్కసారే చదువుతుంది. నార్కట్‌పల్లి దాటిన హైదరాబాద్ బస్సు నీకోసం నల్గొండకు మళ్లీ రాదు కదా.

ఇది సరిచేశాక, ల్యాబ్‌లో మార్చిన కోడ్‌కు ఇంట్లో ‘మల్టిపుల్ డెఫినిషన్’ (ఒకే పేరుకు రెండు నిర్వచనాలు) అని వస్తే హెడర్ ఫైల్ చూడు. లాక్ వేరియబుల్‌ను అక్కడే నిర్వచించి ఉంటావు. జీసీసీ కంపైలర్ 10వ వెర్షన్ నుంచి అది ఊరుకోదు. హెడర్‌లో ఎక్స్‌టర్న్ అని ప్రకటించి, ఒక్క సీ ఫైల్‌లో నిర్వచించు.

ఒకసారి బిల్డై ఇంకోసారి కాకపోతే ‘మేక్ -జే1’ (ఒకసారికి ఒకే పని చేయించడం) కొట్టు. అప్పుడు ప్రతిసారీ అయితే మేక్‌ఫైల్‌లో డిపెండెన్సీ ఏదో రాయడం మరిచావు.