బీపీ మాత్రకు, చిగుళ్ల వాపుకు సంబంధం: మా అమ్మ విషయంలో తెలిసింది

మీ నాన్నగారికి షుగర్, చిగుళ్ల నుంచి రక్తం వస్తోంది, అయినా చూసే డాక్టర్ ఒక్కసారీ నోరు తెరవమనలేదు, ఎంబీబీఎస్‌లో పళ్ల గురించి చెప్పరా అని అడిగారు. చెప్తారు, కాకపోతే కొంచెమే. మిగతాదంతా బీడీఎస్ వాళ్ల చదువు కాబట్టి, పళ్లు మన పని కాదనే ధోరణి వచ్చేస్తుంది. అనంతపురం వైపు పళ్ల మీద గోధుమరంగు మచ్చలు కనిపిస్తే ఏ డాక్టరైనా ఫ్లోరైడ్ నీళ్లని చెప్పేస్తాడు. చిగుళ్ల దగ్గరికొచ్చేసరికి అంత పట్టింపు ఉండదు.

మాది కడప. అమ్మకు బీపీ. ఆమ్లోడిపిన్ అనే బీపీ మాత్ర మొదలుపెట్టిన కొన్ని నెలలకే ముందువైపు పళ్ల సందుల్లో చిగురు బుడిపెల్లా పెరిగింది. ఏది కొరికినా రక్తమే. జొన్నరొట్టె పాలలో నానబెట్టుకుని తినేది. బీపీ చూసే డాక్టర్‌కు చెప్తే విటమిన్ మాత్రలు రాసి, బాగా బ్రష్ చేసుకోమన్నాడు. చివరికి రిమ్స్ దగ్గరున్న ప్రభుత్వ డెంటల్ కాలేజీకి తీసుకెళ్లాం. అక్కడి పీజీ అమ్మాయి నోరు చూడకముందే, "అమ్మా, బీపీకి ఏం మాత్ర వేసుకుంటారు? చీటీ తెచ్చినారా?" అని అడిగింది. ఆ మాత్రతో కొందరికి చిగుళ్లు ఇలా పెరుగుతాయట, పళ్ల మీద పాచి ఉంటే మరీనూ. గార తీసి, మాత్ర మార్చడం కుదురుతుందేమో చూడమని బీపీ డాక్టర్‌కు నాలుగు ముక్కలు రాసిచ్చింది. ఆయన చదివి మారుమాట లేకుండా మార్చాడు. అంటే తెలియక కాదు, అటు ఆలోచన పోలేదు. వాపు మెల్లగా తగ్గింది.

మీ నాన్నగారి సంగతి ఇంకా ముఖ్యం. షుగర్ అదుపులో లేకపోతే చిగుళ్లు చెడతాయి, చిగుళ్లు చెడితే షుగర్ ఒక పట్టాన దిగదు. చిగుళ్లకు వైద్యం చేయిస్తే మూడు నెలల షుగర్ సగటు చూపే పరీక్షలో (హెచ్‌బీఏ1సీ) ఆ అంకె సగటున 0.4 శాతం దాకా తగ్గుతుంది. ఆ పరీక్ష రిపోర్టు, వేసుకునే మాత్రలన్నిటి చీటీ పళ్ల డాక్టర్‌కు చూపించండి. గుండెకు ఎకోస్ప్రిన్ లాంటి, రక్తం గడ్డకట్టకుండా వేసుకునే మాత్రలు వాడుతుంటే పన్ను తీయించాలని సొంతంగా ఆపొద్దు. ఇంట్లో ఎవరైనా ఎముకల బలానికి జోలెడ్రోనిక్ ఇంజెక్షన్ వేయించుకుని ఉంటే, పన్ను పీకకముందే చెప్పాలి. చెప్పకపోతే ఆ తర్వాత దవడ ఎముక మానక నానా అవస్థ పడిన వాళ్లున్నారు. పళ్లు కదలడం మొదలైతే మాత్రం ఈ వారమే వెళ్లండి.