కామెర్లు కనబడుతున్నాయి, హెపటైటిస్-ఎ నెగటివ్ అంటున్నారు: బరంపురం పీసీఆర్‌కి పంపాలా?

పదకొండేళ్ల బాబుకి నాలుగు రోజులు జ్వరం, వాంతులు, నిన్నటి నుంచి కళ్లు పచ్చగా ఉన్నాయి, ఎస్‌జీపీటీ (కాలేయం దెబ్బతింటే రక్తంలో పెరిగే ఎంజైము) 1400, పర్లాకిమిడి ల్యాబులో మాత్రం నెగటివ్ అని రాశారు మీరు. పీసీఆర్ (వైరస్‌నే నేరుగా వెతికే పరీక్ష) కోసం బరంపురం పరుగెత్తే ముందు ఆ కాగితం ఇంకోసారి చదవండి.

చీటీ మీద ఉత్త 'హెపటైటిస్' అని ఉంటే చాలా ల్యాబుల్లో హెచ్‌బీఎస్‌ఏజీ చేసి ఇచ్చేస్తారు. అది బి రకానికి. మీకు కావలసింది 'యాంటీ హెచ్‌ఏవీ ఐజీఎం', అంటే ఎ రకం వైరస్ కొత్తగా సోకినప్పుడు రక్తంలో వచ్చే యాంటీబాడీ. 'టోటల్' గానీ 'ఐజీజీ' గానీ పాజిటివ్ వస్తే ఎప్పుడో వచ్చి పోయిన జబ్బో, వేయించిన టీకానో కావచ్చు. ఇప్పటి కామెర్లకు దాన్ని సాక్ష్యంగా తీసుకోలేం.

చేసింది ఐజీఎమ్మే అయితే, కార్డు మీదా (నిమిషాల్లో తేలే ర్యాపిడ్ టెస్టు) ఎలిసాలోనా (ల్యాబులో యంత్రం మీద చేసే పరీక్ష) అని అడగండి. కళ్లు పచ్చబడే వేళకి ఐజీఎం సాధారణంగా వచ్చేసి ఉంటుంది, కానీ మొదటి రోజుల్లో కొందరిలో దొరకదు. కార్డుకి అది ఇంకా తేలిగ్గా తప్పిపోతుంది. నాలుగైదు రోజులు ఆగి ఎలిసాలో మళ్లీ చేయించండి. అదే గొట్టంలోంచి హెచ్‌ఈవీ ఐజీఎం కూడా అడగండి, ఇ రకం కూడా నీళ్లలోంచే వస్తుంది. మన ఏజెన్సీ వైపు ఫాల్సిపరం మలేరియాలోనూ కళ్లు పచ్చబడతాయి. ఎస్‌జీపీటీ వేలల్లోకి పోవడం దానికి అరుదే, అయినా స్మియర్ (మలేరియా కోసం రక్తపు చుక్కని గాజుపలక మీద చూసే పరీక్ష) వదలొద్దు.

ఇక పీసీఆర్. వైరస్ ఆర్‌ఎన్‌ఏ (పీసీఆర్ వెతికే దాని జన్యుపదార్థం) కామెర్లు కనబడక ముందే రక్తంలోకి వస్తుంది, తర్వాత కొన్ని వారాలు కూడా దొరకవచ్చు. మలంలో ఉన్నంత మోతాదు రక్తంలో ఉండదు, పైగా రోజురోజుకీ తగ్గుతుంది. కాబట్టి రెండోవారంలో పీసీఆర్ నెగటివ్ వచ్చిందని హెపటైటిస్-ఎ కాదనలేం. ఐజీఎం ఇంకా రాని తొలి రోజుల్లోనూ, ఒకే బావి నీళ్లు తాగినవాళ్లు పదిమంది పడిపోయినప్పుడు మూలం తేల్చడానికీ అది పనికొస్తుంది. ఫలితం ఏదైనా బాబుకి ఇచ్చే మందు మారదు. డబ్బు ఖర్చు పెట్టే ముందు ఇది గుర్తుంచుకోండి.

పంపక తప్పకపోతే, శాంపిల్ ఎక్కువగా పాడయ్యేది దారిలోనే. ఐజీఎంకి ఎర్ర లేదా పసుపు మూత గొట్టంలో 3 నుంచి 5 మిల్లీలీటర్లు తీయించండి. అరగంట గడ్డకట్టనిచ్చి, సెంట్రిఫ్యూజ్ తిప్పి, సీరం (పైన తేలే పచ్చటి ద్రవం) వేరే గొట్టంలోకి తీశాకే బస్సెక్కించాలి. రక్తం అలాగే గతుకుల రోడ్డు మీద పోతే కణాలు పగిలి సీరం ఎర్రబడుతుంది, రీడింగు నమ్మడానికి ఉండదు. పీసీఆర్‌కి ఊదా మూత ఈడీటీఏ గొట్టం వాడతారు. ఆకుపచ్చ మూతలో హెపారిన్ ఉంటుంది, అది పీసీఆర్ రసాయన చర్యనే ఆపేస్తుంది, ఉన్న వైరస్ కూడా లేనట్టు కనబడుతుంది. ప్లాస్మా (కణాలు తీసేసిన రక్తద్రవం) కొన్ని గంటల్లోనే వేరు చేయాలి. విడదీయని రక్తాన్ని ఫ్రీజర్‌లో పెట్టకండి. ఒకసారి ఫ్రీజర్‌లో గడ్డకట్టించిన ప్లాస్మాని కరిగించి మళ్లీ ఫ్రీజర్‌లో పెట్టినా ఆర్‌ఎన్‌ఏ విరిగిపోతుంది. దారికి వెడల్పు మూతి ఫ్లాస్కు, రెండు ఐస్ ప్యాకులు చాలు, గొట్టానికీ ఐసుకీ మధ్య గుడ్డ చుట్టండి. అదే రక్తంలో బిలిరుబిన్ (కళ్లని పచ్చబరిచే పదార్థం) కూడా చూడమంటే గొట్టాన్ని అల్యూమినియం రేకుతో చుట్టాలి, వెలుతురికి అది విరిగి తక్కువగా చూపిస్తుంది. గొట్టం మీద పేరుతో పాటు జ్వరం మొదలైన తేదీ కూడా రాయించండి. చాలామంది దీన్నే మరిచిపోతారు, అది లేకపోతే నెగటివ్‌కి అర్థం చెప్పలేం.

వైరస్ పేరు తేలకపోయినా ఇవాళే చేయించాల్సింది పీటీ, ఐఎన్‌ఆర్ (రక్తం ఎంతసేపట్లో గడ్డకడుతుందో చూసే పరీక్ష). ఐఎన్‌ఆర్ 1.5 దాటినా, బాబు మత్తుగా ఉన్నా, పొంతన లేకుండా మాట్లాడినా రిపోర్టు కోసం ఆగకుండా శ్రీకాకుళమో బరంపురమో పెద్దాసుపత్రికి తీసుకెళ్లండి. పసరు మందు పోయించొద్దు. పారాసెటమాల్ డాక్టరు చెప్పిన మోతాదు దాటనివ్వద్దు. ఇంట్లో మిగతా పిల్లలకి టీకా వేయించాలంటే వైరస్ సోకే అవకాశం ఏర్పడిన రెండు వారాల లోపే వేయించాలి.