లీనియా టీ-జెట్ బ్లాకు ఎక్కడ చేయించాలి? రెండుసార్లు చేయించిన అనుభవంతో చెబుతున్నాను

మీ లీనియా టీ-జెట్ (ఫియట్ వారి టర్బో పెట్రోలు కారు) నూనె తాగుతోందని, కంప్రెషన్ పడిపోయిందని, ఫోర్జ్‌డ్ (పోత పోయకుండా ఒత్తి చేసిన గట్టి) పిస్టన్లు వేసి బూస్ట్ (టర్బో ఇచ్చే గాలి ఒత్తిడి) కొంచెం పెంచాలనుకుంటున్నానని రాశారు. గుంటూరు నుంచి బ్లాకుని (సిలిండర్లు ఉండే ఇంజన్ దిమ్మెని) విజయవాడ ఆటోనగర్‌కి తీసుకెళ్లాలా, కోయంబత్తూరు పంపాలా అన్నది మీ ప్రశ్న. నాదీ అదే కారండి, 2011 మోడల్. బ్లాకు రెండుసార్లు చేయించాను, రెండుసార్లూ ఆటోనగర్‌లోనే. మొదటిది చెడింది. రెండోది ఈ రోజుకీ చక్కగా నడుస్తోంది.

ఆటోనగర్‌లో చెయ్యి తిరిగిన మేస్త్రీలకి కొదవ లేదు. ఏ సందులోకి వెళ్లినా లారీ బ్లాకులు, బస్సు క్రాంకులు మిషన్ల మీద కనిపిస్తాయి. "టర్బో బండ్లు రోజూ చేస్తాం సార్" అంటారు. అది అబద్ధం కాదు, ఇప్పటి లారీలు దాదాపు అన్నీ టర్బోలే. కానీ చాలా లారీ ఇంజన్లకి లైనర్ (సిలిండర్‌లో దించే గొట్టం), పిస్టన్ కలిపి కిట్టుగా వస్తాయి, లైనర్ లోపలి సైజు కంపెనీలోనే తేలిపోయి ఉంటుంది. లైనర్‌ని సరిగ్గా దించితే చాలు, క్లియరెన్స్, అంటే పిస్టన్‌కీ గోడకీ మధ్య సందు, ఎంతన్నది మేస్త్రి ఆలోచించాల్సిన పని పెద్దగా ఉండదు. మన 1.4 ఇంజన్లో పోత ఇనుప బ్లాకులోనే నేరుగా 72 మి.మీ. బోరు (పిస్టన్ ఆడే రంధ్రం) ఉంటుంది. గోడ ఎంత తీయాలి, పిస్టన్‌కి ఎంత సందు వదలాలి అన్నది ఆ షాపులోనే, ఆ మేస్త్రి చేతిలోనే తేలుతుంది.

నేను మొదటిసారి పిస్టన్లు ఇంకా దారిలో ఉండగానే బ్లాకు ఇచ్చేశాను. అర మిల్లీమీటరు ఓవర్‌సైజు అని మాత్రం చెప్పాను. ఆ షాపులో అలవాటు ప్రకారం పెట్రోలు కారుకి రెండు థౌ (అంగుళంలో వెయ్యో వంతులు) సందు, అంటే 0.05 మి.మీ., లెక్కేసి బోరు కొట్టి హోనింగ్ (రాళ్లతో బోరు గోడని నున్నగా రుద్దడం) కూడా చేసేశారు. తీరా పిస్టన్లు వచ్చాక డబ్బాలోని కాగితంలో సందు 0.07 మి.మీ. అని ఉంది. ఆ ఫోర్జ్‌డ్ పిస్టన్లు వేడికి మామూలు పిస్టన్లకంటే ఎక్కువ వ్యాకోచిస్తాయి, అందుకే సందు ఎక్కువ అడుగుతారు. కాగితం చూపిస్తే "రన్నింగ్‌లో సర్దుకుంటుంది" అన్నారు, నమ్మాను. పైగా వాళ్లు హోనింగ్ అవ్వగానే, బ్లాకు ఇంకా వేడిగా ఉండగానే కొలిచారు. 72 మి.మీ. ఇనుప బోరు 20 డిగ్రీలు ఎక్కువ వేడిగా ఉంటే దాదాపు 16 మైక్రాన్లు (0.016 మి.మీ.) పెద్దగా చూపిస్తుంది. చల్లారితే అది పోతుంది. అంటే నాకు నిజంగా మిగిలింది 0.035 దగ్గర, కావాల్సిన దాంట్లో సగం. 1,400 కిలోమీటర్లకి మంగళగిరి దాటాక హైవే మీద ఇంజన్ పట్టేసింది. హెడ్డు విప్పితే మూడో పిస్టన్ స్కర్ట్ (పిస్టన్ కింది పక్క గోడ) నిండా నిలువు గీతలు, బోరు గోడకి అల్యూమినియం అంటుకుని ఉంది. నాలుగు బోర్లకీ లైనర్లు దించి మళ్లీ అదే సైజుకి తేవాల్సి వచ్చింది. అప్పుడు పడ్డ టెన్షన్ మీకు రాకూడదనే ఇంత రాస్తున్నాను.

రెండో షాపు చిన్న షెడ్డు. అక్కడి పెద్దాయన బ్లాకుని పక్కన పెట్టించి ముందు అడిగిన మాట: "పిస్టన్లు తెచ్చారా? వాటి కాగితం తెచ్చారా?" ఒక్కో పిస్టన్‌ని కాగితంలో చెప్పిన ఎత్తు దగ్గర, పిన్నుకి అడ్డంగా మైక్రోమీటర్‌తో కొలిచి, అంకె దాని తల మీదే మార్కర్‌తో రాశారు. తర్వాత మైక్రోమీటర్‌ని ఆ సైజు దగ్గరే బిగించి, మధ్యలో బోర్ గేజ్ (బోరు లోపలి కొలత చూపే సాధనం) పెట్టి సూదిని సున్నాకి తెచ్చారు. గేజ్‌ని బోరులోకి దించి మెల్లగా అటూ ఇటూ ఊపితే సూది కొంత దూరం వెళ్లి, ఒక్క క్షణం ఆగి, వెనక్కి మళ్లుతుంది. ఆ మళ్లే చోటే కొలత. పైన, మధ్యలో, కింద, ప్రతిచోటా క్రాంకు పొడవున ఒకసారి, దానికి అడ్డంగా ఒకసారి. సిలిండర్‌కి ఆరు అంకెలు, అన్నీ నోటుబుక్కులో.

చివరి హోనింగ్ అయ్యాక "రేపు పొద్దున్నే రండి" అని షెడ్డుకి తాళం వేశారు. మర్నాడు ఏడింటికి, పిస్టన్లూ బ్లాకూ రాత్రంతా ఒకే బల్ల మీద ఉన్నాక, గేజ్ నా చేతికిచ్చి నన్నే కొలవమన్నారు. మన ఎండల్లో ఇది చాలా అవసరం. అల్యూమినియం ఇనుముకంటే రెండింతలు వ్యాకోచిస్తుంది, మే నెల మధ్యాహ్నం రేకుల షెడ్డులో తీసిన కొలతకీ తెల్లవారుజాము కొలతకీ తేడా తప్పకుండా వస్తుంది.

టార్క్ ప్లేటు సంగతి నాకు నేర్పిందీ ఆయనే. హెడ్డు బోల్టులు బిగించగానే బోరు గుండ్రం పోతుంది. అందుకని హెడ్డు స్థానంలో మందపాటి ఉక్కు ప్లేటుని, అదే రకం గ్యాస్కెట్‌తో, అదే టార్క్‌తో బిగించి అప్పుడు హోనింగ్ చేయాలి. మన ఇంజనుకి ఆయన దగ్గర ప్లేటు లేదు. పాత గ్యాస్కెట్ పెట్టి గుర్తులు గీసి, పక్క సందులో 50 మి.మీ. ప్లేటుకి రంధ్రాలు వేయించాం. బిగించి చూస్తే ఒక బోరు 18 మైక్రాన్లు కోలగా మారింది. ప్లేటు లేకుండా చేసి ఉంటే ఆ కోలతనం మీదే రింగులు తిరిగేవి.

మిగతావి త్వరగా చెబుతాను. మెయిన్ బేరింగులకి బోల్టుల బదులు స్టడ్‌లు వేస్తే క్యాపులు బిగించి టన్నెల్ (క్రాంకు కూర్చునే రంధ్రం) మళ్లీ కొలిపించండి. స్టీలు పొరల గ్యాస్కెట్ వేస్తే డెక్ ఫేసింగ్ (బ్లాకు పై ముఖం చదును చేయడం) బాగా నున్నగా రావాలి. రింగు గ్యాప్ (పిస్టన్ రింగు రెండు కొనల మధ్య సందు) టర్బోకి ఎక్కువ ఉండాలి, నా సెట్టుకి పై రింగు 0.36 మి.మీ. పెట్టాం. తక్కువైతే వేడికి రింగు కొనలు ఒకదానికొకటి తగిలి పిస్టన్ గాడి విరుగుతుంది. బిగించే ముందు ఆయిల్ దారుల ప్లగ్గులు విప్పి, వేడి సబ్బు నీళ్లతో బ్రష్ పెట్టి కడిగించండి. బోరుని నూనె గుడ్డతో తుడిస్తే తెల్ల గుడ్డ తెల్లగానే ఉండాలి, బూడిద రంగు వస్తే మళ్లీ కడగాలి.

కోయంబత్తూరులో రేసింగ్ ఇంజన్లు చేసిన షాపులున్నాయి, అక్కడికి పంపినా మంచిదే. కానీ మీరు గుంటూరులో ఉన్నారు, వారధి దాటితే ఆటోనగర్. కొలిచేటప్పుడు పక్కన నిలబడగలగడం నా దృష్టిలో ఎంతో విలువైనది. ముందు పిస్టన్లు తెప్పించుకోండి, ఖాళీ చేతులతో రెండు మూడు షాపులకి వెళ్లి బోర్ గేజ్ చూపించమనండి, సున్నా ఎలా పెడతారో చూడండి. విసుక్కుంటే వచ్చేయండి.

ఆ టార్క్ ప్లేటు ఇంకా నా దగ్గరే ఉంది, మీ ఇంజనుకీ అదే సరిపోతుంది. నూనె రాసి గోనెసంచిలో చుట్టి పెట్టాను. షాపు కుదిరాక చెప్పండి, తీసుకెళ్లి పని అయ్యాక తిరిగిద్దురు గాని.